పందెపు ధనము – భగవదర్పణము

గృహస్థులు పండితుల నడుగు ప్రశ్నలలో తిథి, వారము, నక్షత్రము, మైల, పురుడు వీనికి సంబంధించినవే ఎక్కువ. ధనమును గూర్చి ప్రశ్నించువారు అరుదు. ఇటీవల తిరుమల యాత్రకు వచ్చిన ఒక వైష్ణవ గృహస్థు అట్టి ప్రశ్న నొకదానిని నాముందుంచిరి. వారి కుమారుడు అమెరికాలో ఉద్యోగము చేయుచు, రెండు సంవత్సరములుగా ‘భవిష్యత్ అంచనాల విపణి’ యను ఆన్‌లైన్ ఖాతాలో సొమ్ము వేయుచు తీయుచు నుండెనట. తుదకు విసుగు పుట్టియో, భార్య మందలించియో, ఖాతాను మూసివేయ నిశ్చయించుకొనెను. వేసినది నాలుగువేల డాలర్లు. తిరిగి వచ్చునది ఏడువేలు. పైన వచ్చిన మూడువేలను శ్రీవారి నిత్యాన్నదానమునకు తమ వంశము పేరిట సమర్పింపుమని తండ్రికి వ్రాసెను. ‘ఈ సొమ్మును స్వామికి ఇయ్యవచ్చునా? ఇచ్చినచో శుద్ధమగునా?’ అని తండ్రి ప్రశ్న.

దేవునికిచ్చిన ప్రతిదియు శుద్ధమగునని ఒక్కమాటలో సమాధానము చెప్పి పంపవచ్చును. అట్లు చెప్పువారు కలరు. కాని ఈ ప్రశ్నలో మూడు ప్రశ్నలు ఇమిడియున్నవి. ఆ ధనము జూదపు ధనమా కాదా? అది ఎవరిది? ఖాతానుండి సొమ్మును తీసినంత మాత్రమున మనిషి దానినుండి బయటపడినట్లేనా? మూడవది ఆ తండ్రి అడుగలేదు. నా మట్టుకు అదియే ముఖ్యమని తోచుచున్నది.

ఈ వ్యాపారము తెలియని పాఠకులకొరకు దాని స్వరూపమును కొంచెము చెప్పవలసియున్నది. ‘ఫలానా నగరమున ఫలానా దినమున వాన కురియునా?’ అని ఒక ప్రశ్న వేయుదురు. కురియునను వాడు ‘అవును’ను కొనును, కురియదను వాడు ‘కాదు’ను కొనును. ‘అవును’ వెల 60 సెంట్లైనచో ‘కాదు’ వెల సుమారు 40 సెంట్లు. రెండును కలిసి ఒక డాలరు. ఆ దినము గడచినపిమ్మట నిజమైన పక్షమువానికి డాలరు ముట్టును, రెండవవానికి ఏమియు రాదు. నడిపించు సంస్థ తన రుసుమును తాను తీసికొనును. ప్రశ్న తేలకముందే తన పక్షమును మరియొకనికి అమ్ముకొనవచ్చును. ఇట్లు వాననుగూర్చియే కాదు, ఎన్నికలనుగూర్చి, క్రీడలనుగూర్చి, వడ్డీరేట్లనుగూర్చి, యుద్ధములనుగూర్చి కూడ ప్రశ్నలు పెట్టుచున్నారు. మన దేశమున ఇట్టివి పదిరూపాయల లెక్కన నడచినవి. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను ఆన్‌లైన్ జూదమును నిషేధించుచు తమ చట్టములను సవరించుకొనినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము, నేర్పుతో ఆడినదైనను అదృష్టముపై ఆడినదైనను, ధనమొడ్డి ఆడు ఆన్‌లైన్ ఆటల నన్నిటిని దేశమంతట నిషేధించినది. ఆడినవానిని శిక్షింపక, ఆడించినవానిని, ప్రకటనలిచ్చినవానిని శిక్షించుట ఆ చట్టములోని విశేషము. అమెరికాలోనన్ననో, కొన్ని సంస్థలు ఫెడరల్ నియంత్రణక్రింద బహిరంగముగనే నడచినవి. కావున ఆ యువకుడు అక్కడి చట్టమును అతిక్రమించినాడని నేననుట లేదు. చట్టము ఊరకున్నచోటనే ధర్మశాస్త్రము మాటలాడవలసి వచ్చును.

ఇది జూదము కాదు, ఇచ్చిపుచ్చుకొను వ్యాపారమే యని వాదించువారు కలరు. ఈ వాదము క్రొత్తది కాదు. పాణినిమహర్షి అష్టాధ్యాయి రెండవ అధ్యాయము మూడవ పాదమున ఒక సూత్రమందు, వ్యవహరించుటను చెప్పు ధాతువును, పణమొడ్డుటను చెప్పు ధాతువును ఒకేచోట చేర్చి, రెండును సమానార్థకములైనచోట వచ్చు విభక్తిని విధించినాడు. జూదమందును, క్రయవిక్రయములందును ఆ రెండు ధాతువులకు అర్థము తుల్యమని కాశికావృత్తి వివరించినది. అనగా సంతకును జూదశాలకును భాషలోనే చుట్టరికము కలదు. ఇది ఎరిగిననాడు ‘వ్యాపారమువలె నున్నది కావున జూదము కాదు’ అను మాటకు బలము తగ్గును. వ్యాపారమున బియ్యము కొన్నవానికి బియ్యము దక్కును, అమ్మినవానికి సొమ్ము దక్కును, ఇరువురి ఇండ్లలోను పొయ్యి వెలుగును. ఇచ్చట ఒకని చేతికి వచ్చిన ప్రతి కాసును మరియొకని చేతినుండి జారినదే. నడుమ నడిపించువాని రుసుము పోగా, పోయినదానికంటె వచ్చినది తక్కువ కూడ. కౌటిల్యుడు జూదమును ఒకేచోట ఆడించి, గెలుపులో నూటికి అయిదు ద్యూతాధ్యక్షుడు తీసికొనవలెనని వ్రాసినాడు. ఆ ఏర్పాటు నేటికిని పెద్దగా మారలేదు.

నేర్పు మాటకు వత్తము. ‘నేను వార్తలు చదివి, లెక్కలు కట్టి పెట్టితిని, గ్రుడ్డిగా పెట్టలేదు’ అని యువకులు చెప్పుదురు. నిజమే కావచ్చును. కాని శకునికంటె నేర్పరి ఎవడు? నేర్పు ఉన్నదనుట గెలుపునకు కారణమును తెలుపును గాని గెలుపునకు నిర్దోషత్వమును తెచ్చిపెట్టదు. మరికొందరు మనుస్మృతినే చూపుదురు. పదవ అధ్యాయమున ధర్మ్యములైన ధనాగమములు ఏడు చెప్పబడినవి. వానిలో ‘జయము’ ఒకటి కదా, గెలుపు జయము కాదా యని. అది రాజునకు యుద్ధమున లభించు జయము. అదే మనువు తొమ్మిదవ అధ్యాయమున జూదమును రాజ్యమునుండి తొలగింపవలెనని రాజును శాసించినాడు. ఎనిమిదవ అధ్యాయమున, తండ్రి జూదములో చేసిన అప్పును కొడుకు తీర్పనక్కరలేదని కూడ చెప్పినాడు. జూదమును ధర్మ్యమైన ఆర్జనమని తలచినవాడైనచో దాని ఋణమును ఇట్లు త్రోసివేయునా?

మనువు వాడిన రెండు మాటలను ఇక్కడ శ్రద్ధతో చూడవలెను. ప్రాణములేని పాచికలవంటి వానితో ఆడునది ద్యూతము. ప్రాణమున్నవానితో, పొట్టేళ్లతో కోళ్లతో, ఆడునది సమాహ్వయము. సంక్రాంతినాడు గోదావరి మండలములలో కోడిపందెముల బరిని చూచినవారికి సమాహ్వయ మననేమో వేరుగ చెప్పనక్కరలేదు. ఈ క్రొత్త విపణి దేనిక్రిందికి వచ్చును? తెరమీద అంకెలు మాత్రమే కనబడును కనుక ద్యూతమని తోచును. కాని ‘ఈ నెల ముగియులోపల ఆ రెండు దేశములమధ్య యుద్ధమాగునా?’ అని ప్రశ్న పెట్టి, ఆగదను పక్షమున సొమ్ము ఒడ్డినప్పుడు, బరిలో నున్నది ఎవరు? కత్తి కట్టిన కోళ్లు కావు, మనుష్యులు. తల్లులు, పసిబిడ్డలు. నా ఉద్దేశమున ఇది సమాహ్వయములో కెల్ల ఘోరమైనది. కోడిపందెమువాడు తన కోడి గెలువవలెనని కోరును, అంతే. ఇచ్చట పందెగాడు మరియొక నెలదినములు పోరు సాగవలెనని మనస్సులో కోరుకొనవలసి వచ్చును. కోరలేదని పైకి అనవచ్చును. సొమ్ము ఎటున్నదో మనస్సు అటే పోవును.

వానమీద పందెములు కూడ మన దేశమునకు క్రొత్త కావు. కలకత్తాలో వర్తకులు వాన కురియునా లేదా యని పెద్దయెత్తున పందెములు కాచుచుండగా, దానిని నిషేధించుటకు 1897లో బెంగాలులో ప్రత్యేకముగ చట్టము చేయవలసివచ్చినది. అది కరవుల కాలము. ఒకవైపున రైతు మబ్బుకొరకు చేతులు జోడించి చూచుచుండగా, ఇంకొకవైపున పట్టణమున ఒకడు మబ్బు తొలగవలెనని చూచుచుండెను. వైష్ణవుడు నిత్యారాధనాంతమున లోకము సుభిక్షముగ నుండవలెనని, సకాలవర్షములు కురియవలెనని ప్రార్థించును. ఉదయమున ఆ ప్రార్థన చేసి, మధ్యాహ్నమున ‘కురియదు’ అను పక్షమును కొన్నవాడు, తన ప్రార్థనను తానే అమ్ముకొనినాడు గదా.

న్యాయముకొరకు ఒకమాట చెప్పవలెను. పదిమంది అంచనాలు వెలగా మారినప్పుడు ఆ వెల కొన్నిసార్లు మంచి జోస్యమగునని పరిశోధకులు కనుగొన్నారు. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయమువారు 1988లో ఇట్టి విపణిని చిన్న చిన్న మొత్తములతో చదువుకొరకు నెలకొల్పిరి. జ్ఞానముకొరకైనచో దానిని నేను తప్పుపట్టను. అయితే మన ప్రశ్న విశ్వవిద్యాలయమునుగూర్చి కాదు, మూడువేల డాలర్లనుగూర్చి.

గీతలో విభూతియోగమున భగవానుడు జూదమును తన విభూతులలో చెప్పినాడు కదా యని కొందరు తెలివిగా అడుగుదురు. ఎవరి నడుమ చెప్పినాడో కూడ చదువవలెను. వంచించువారి సాధనములలో అది అగ్రగణ్యమని చెప్పినాడు. భగవద్రామానుజుల భాష్యమందును, కపటమునకు ఆస్పదములైన వానిలో పాచికల జూదమని స్పష్టముగ కలదు. అది ప్రశంసాపత్రము కాదు.

ఇక ఆ ధనము ఎవరిది యను ప్రశ్న. మూలధనమునుగూర్చి సంశయము లేదు. ఉద్యోగమున కష్టపడి ఆర్జించి వేసిన నాలుగువేలు అతనివే. వానిని ఇంటికి తెచ్చుకొని అప్పులు తీర్చుకొనవచ్చును, తల్లిదండ్రులకు పంపవచ్చును, స్వామికి సమర్పింపవచ్చును. మన దేశమున 2023 ఏప్రిల్ నుండి వచ్చిన పన్నునియమము సైతము, ఆన్‌లైన్ ఆటల ఖాతానుండి సొమ్ము తీయునపుడు వేసినదానిని తగ్గించి, మిగిలిన నికరమైన గెలుపునుండి మాత్రమే నూటికి ముప్పది కోయవలెనని నిర్ణయించినది. మూలమును గెలుపును వేరుచేయుట పన్నులవారికే తెలిసినప్పుడు మనకు తెలియకపోవుట ఏమి?

గెలుపునుగూర్చి పూర్వులు తీక్ష్ణముగ విచారించిరి. కళ్యాణనగరమున చాళుక్య విక్రమాదిత్యుని కాలమున యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర రచించిన విజ్ఞానేశ్వరుడు, స్వత్వమనునది శాస్త్రమువలన కలుగునా లోకవ్యవహారమువలన కలుగునా యని దీర్ఘముగ చర్చించి, లౌకికమేయని తేల్చినాడు. దాని ఫలమేమనగా, నింద్యమైన మార్గమున ఆర్జించినను ఆ ధనము ఆర్జించినవానిదే యగును, కొడుకులు పంచుకొన్నచో వారికి దోషము లేదు, ప్రాయశ్చిత్తము మాత్రము ఆర్జించినవానికి తప్పదు. ఇది ఎంతో ఆచరణయోగ్యమైన నిర్ణయము. ‘ఆ సొమ్ము ముట్టినచో మన ఇల్లంతయు మైలపడునా?’ అని ఆ తండ్రి పడుచున్న భయమునకు ఇదియే సమాధానము. మైలపడదు. అయితే కొడుకు భారము కొడుకుది.

ఆ భారమును దించుకొను విధమును మనువు పదునొకండవ అధ్యాయమున చెప్పినాడు. నింద్యకర్మచే ధనమార్జించిన బ్రాహ్మణులు ఆ ధనమును విడిచిపెట్టుటచేతను, జపముచేతను, తపస్సుచేతను శుద్ధులగుదురట. తీసికొనరాని దానమును తీసికొన్నవానికి మూడువేల గాయత్రి, నెలదినములు గోశాలలో పాలు మాత్రమే త్రాగుచు నుండుట విధించినాడు. ఇక్కడ మనువు వాడిన మాట ‘ఉత్సర్గము’, ‘దానము’ కాదు. నేను ఈ వ్యాసము వ్రాయుటకు ఈ భేదమే కారణము. దానము చేయువాడు ఫలమును కోరవచ్చును, గోత్రనామములు చెప్పవచ్చును, పుణ్యమునకు కర్త కావచ్చును. ఉత్సర్గము చేయువాడు వస్తువునుండి చేయి తీసివేయును, అంతే. దానివలన అతనికి రావలసినది ఏమియు లేదు. తలగడక్రింద దొరికిన తేలును బయటవేసినవాడు తేలును దానము చేసితినని చెప్పుకొనడు.

ఈ దృష్టితో చూచినప్పుడు ఆ యువకుని కోరికలోని చిక్కు తెలియును. 1985లో ఆరంభమైన నిత్యాన్నదాన పథకమున భక్తులిచ్చిన మొత్తములను నిధిగా నుంచి, దాని వడ్డీతో యాత్రికులకు అన్నము పెట్టుట ఏర్పాటు. అక్కడ వంశము పేరు వ్రాయించుకొనుట, రసీదు తీసికొనుట, పన్ను మినహాయింపు పొందుట, దర్శనసౌకర్యము నడుగుట ఇవన్నియు దానమునకు చెల్లును, ఉత్సర్గమునకు చెల్లవు. పందెములో ఎవడో అనామకుడు పోగొట్టుకొన్న మూడువేలపై మన వంశము పేరు చెక్కించుట యుక్తమా? పూర్వము సభలో జూదమాడినవానికి ఓడినవాని ముఖము ఎదుటనే కనబడుచుండెను. కోడిపందెములోనైనను పోగొట్టుకొన్న పొరుగూరివాని కిచ్చివేయుటకు అవకాశము కలదు. ఈ విపణిలో ఓడినవాడు ఏ ఊరివాడో, ఆ రాత్రి భార్యతో ఏమని చెప్పెనో గెలిచినవానికి ఎన్నటికిని తెలియదు.

వైష్ణవ గృహములలో ఆహారశుద్ధిని పాటించుట అందరెరిగినదే. అన్నమునకు జాతిదోషము, ఆశ్రయదోషము, నిమిత్తదోషము అని మూడు చెప్పుదురు. ఉల్లి వెల్లుల్లి జాతిదోషము, వెండ్రుక పడుట నిమిత్తదోషము. ఈ రెండును మన స్త్రీలు కంటికి వత్తులు వేసికొని చూతురు. నడిమి ఆశ్రయదోషమును, అనగా ఎవరివద్దనుండి ఎట్లు వచ్చినదను విషయమును, ఇంటి యజమాని చూడవలసియున్నది. అతడు చూచుట అరుదు. తళిగలో ఉల్లిపొర పడరాదను ఇంటిలో, ఆ బియ్యము ఏ సొమ్ముతో వచ్చినదో అడుగువారుండరు.

అశ్వమేధపర్వములోని ముంగిస కథ ఇక్కడ జ్ఞప్తికి వచ్చుచున్నది. కురుక్షేత్రమున ఏరుకొన్న గింజలతో బ్రతుకు బ్రాహ్మణుడు, భార్య, కొడుకు, కోడలు ఆకలిగొనియుండియు తమ పేలపిండిని అతిథికి సమర్పించిరి. అచ్చట పొర్లిన ముంగిసకు సగము దేహము బంగారమయ్యెను. మిగిలిన సగమునుకూడ బంగారము చేసికొనవలెనని అది ధర్మరాజు చేసిన అశ్వమేధవాటికకు వచ్చి పొర్లి, ఏమియు కాకపోగా పకపక నవ్వెను. ఆ యాగమునకు ధనమెక్కడిది? హిమాలయమున మరుత్తచక్రవర్తి విడిచిపోయిన నిధి. అది పాపపు ధనము కాదు, వ్యాసమహర్షియే తెచ్చుకొనుమన్నాడు. అట్టి ధనముతో చేసిన యాగమే ఆ పేలపిండికి సాటి కానప్పుడు, పందెపు సొమ్ముతో కట్టిన అన్నదానపు పేరుపలకకు ఎంత విలువ కట్టవలెనో పాఠకులే ఊహింతురుగాక.

మరి స్వామి సన్నిధికి ఆ సొమ్ము వెళ్లనే వెళ్లరాదా? వెళ్లవచ్చును. శ్రీవారి హుండీ కలదు. పెద్దలు దానిని కొప్పెర యందురు. అందులో వేయువానిని పేరడుగువారు లేరు, రసీదిచ్చువారు లేరు. వేసినది మరల చేతికి రాదు. ఉత్సర్గమునకు ఇంతకంటె తగిన చోటు లేదు. లేదా పందెములలో మునిగి అప్పులపాలైన ఒక కుటుంబమునకు, ఇచ్చినదెవరో తెలియకుండ, చేర్చినను సరియే. కాని ‘గెలిచినచో ఇంత నీకు’ అని ముందుగా మ్రొక్కుకొని వేయుట మాత్రము కూడదు. అది స్వామిని పందెములో వాటాదారుని చేయుట. పెండ్లికి కుబేరునివద్ద అప్పుచేసి, పత్రము వ్రాసియిచ్చి, కలియుగాంతమువరకు వడ్డీ కట్టుచున్నాడని స్థలపురాణము చెప్పు వేంకటేశ్వరుడు ఋణస్థుడుగా నుండుట కిష్టపడినాడే గాని, పాచికలు వేసి ఆ అప్పు తీర్చుకొన చూడలేదు.

మూడవ ప్రశ్న మిగిలినది. పరీక్షిన్మహారాజు కలిని నిగ్రహించినపుడు, వానికి నివసించుటకు జూదము, మద్యపానము, స్త్రీలోలత్వము, హింస అను నాలుగు స్థానముల నిచ్చెనని భాగవతము ప్రథమస్కంధము చెప్పుచున్నది. కలి తృప్తిపడక ఇంకొకటి అడుగగా, బంగారమును అయిదవ స్థానముగ నిచ్చెను. ఈ వరుస ఆలోచింపదగినది. జూదశాల విడిచి బయటికి వచ్చినవాడు మొదటి స్థానమునుండి తప్పించుకొన్నాడు. కాని అతని చేతిలో నున్నది అయిదవ స్థానము. ఖాతానుండి బ్యాంకునకు వచ్చిన సొమ్ము మనిషితో కలిసియే ఇల్లు చేరును.

సభాపర్వమున ద్రౌపదీదేవి వరములచే పాండవులు దాస్యవిముక్తులైరి. ధృతరాష్ట్రుడు పోయిన ధనమంతయు తిరిగి ఇచ్చివేసి, ఇంద్రప్రస్థమునకు పొమ్మనెను. నేటి మాటలలో చెప్పినచో, ఖాతాలోని సొమ్మంతయు వెనుకకు వచ్చినది. రథములెక్కి చాల దూరము పోయిరి. ఇంతలో ప్రాతికామి వెంటవచ్చి, మరల ఒక్క ఆట యని పిలుపు తెచ్చెను. అది నాశహేతువని తెలిసియే ధర్మరాజు వెనుదిరిగెను. మొదటి జూదముకంటె ఈ అనుద్యూతము నన్ను ఎక్కువ కలతపెట్టును. మొదటిసారి ఏమి పోవునో తెలియదు. రెండవసారి పోయినది, వచ్చినది, అంతయు తెలిసి కూర్చుండెను. పండ్రెండేండ్ల అరణ్యవాసము, ఏడాది అజ్ఞాతవాసము ఆ దారిలో వచ్చిన పిలుపువలన కలిగినవే.

ఇప్పటి జూదశాలలవారికి ఈ దారి బాగుగ తెలియును. సొమ్ము తీయుటకు మీట నొక్కిన తరువాత అది బ్యాంకు చేరుటకు కొన్ని గంటలో, దినములో పట్టును. ఆ నడుమ ‘తీయుటను రద్దుచేసికొని మరల ఆడుము’ అని మరియొక మీటను చాల సంస్థలు పెట్టినవి. బ్రిటనులో జూద నియంత్రణ సంస్థ 2020లో ఈ పద్ధతిని ఆపుమని సంస్థలకు సూచించి, 2021లో దానిని నిషేధించినది. అనగా ప్రాతికామి ఇప్పుడు తెరమీదనే నిలిచియుండును. వానికి రథముతో పనిలేదు.

కావున ఆ తండ్రికి నేను చెప్పినది ఇది. గెలుపు సొమ్ము ఏమి చేయవలెనను చింత తరువాతిది. ముందు మీ అబ్బాయి ఖాతాను శాశ్వతముగ మూయించుకొని, ఫోనునుండి దానిని తొలగించి, సొమ్ము ఇల్లు చేరు ఆ రెండు మూడు దినములు ఒంటరిగా నుండకుండ చూడుడు. కోడలిని కనిపెట్టియుండుమని చెప్పుడు. ప్రొద్దుట సాయంకాలము దంపతులిరువురు కలిసి విష్ణుసహస్రనామము పారాయణ చేయవచ్చును. భీష్ముని ప్రశ్నించి ఆ నామములను విన్నవాడు, ఆ దారిలో వెనుదిరిగిన ధర్మరాజే.